తెలియని ప్రోటీన్ చేసే పని నెట్‌వర్క్‌లో దొరుకుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. కొత్తగా సీక్వెన్స్ చేసిన ఒక బ్యాక్టీరియా జీనోమ్ మీ చేతిలో ఉంది. దాని ప్రోటీన్లలో మూడో వంతు దాకా ‘హైపోథెటికల్ ప్రోటీన్’ (పని తెలియని ఊహా ప్రోటీన్) అనే ముద్రతో వచ్చాయి. అన్నిటినీ స్ట్రింగ్‌లో, అంటే ప్రోటీన్ల మధ్య సంబంధాలను గీతలుగా చూపించే డేటాబేస్‌లో, వేస్తే చిక్కుపడ్డ దారపు ఉండలాంటి బొమ్మ వచ్చింది. పక్కనున్న తెలిసిన ప్రోటీన్లను చూసి తెలియనివాటికి పేర్లు పెట్టేయొచ్చా, పెడితే ఎంతవరకు నమ్మొచ్చు అని అడిగారు.

పేర్లు అప్పుడే పెట్టకండి. ఆ ప్రోటీన్ ఏ జట్టులో ఆడుతుందో నెట్‌వర్క్, అంటే ఆ గీతల బొమ్మ, చాలాసార్లు సరిగ్గానే చెబుతుంది. ఆ జట్టులో బౌలరా, కీపరా, డ్రింక్స్ మోసేవాడా అన్నది చెప్పదు. ఈ తేడా ఒంటబట్టడానికి నాకు కొన్నేళ్లు పట్టింది, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందుగా, మీ మూడో వంతు చూసి కంగారు పడకండి. 1997లో ఈ. కోలై జీనోమ్ అచ్చయినప్పుడు 4,288 ప్రోటీన్ జన్యువులు లెక్క తేలితే, వాటిలో 38 శాతానికి పని ఏమిటో తెలియదు. అప్పటికి దశాబ్దాలుగా ప్రపంచమంతా పెంచి, కోసి, పరీక్షించిన బ్యాక్టీరియా అది! 2016లో బతకడానికి తప్పనిసరి అనుకున్న జన్యువులు మాత్రమే ఉంచి ఒక కణాన్ని కృత్రిమ జీనోమ్‌తో తయారు చేశారు, జేసీవీఐ-సిన్ 3.0 అని. మొత్తం 473 జన్యువులు. అందులో 149 ఏం చేస్తాయో తయారుచేసినవాళ్లకే తెలియదు. తీసేస్తే కణం చస్తుందో, నీరసిస్తుందో తెలుసు, ఎందుకో తెలియదు.

ఇలాంటప్పుడు అందరూ మొదట చేసేది బ్లాస్ట్, అంటే తెలిసిన ప్రోటీన్ల సీక్వెన్సులతో పోల్చి వెతకడం. పోలిక దొరికితే ప్రోటీన్ ఏ కుటుంబానిదో తెలుస్తుంది. అది ఇంటిపేరు లాంటిది. ఇంటిపేరు కలిసినంత మాత్రాన అందరిదీ ఒకే ఉద్యోగం కాదు కదా. టిమ్ బ్యారెల్ అనే ఒకే రకం మడతతో ఎన్నెన్నో వేర్వేరు రసాయన చర్యలు జరిపే ఎంజైములున్నాయి. నెట్‌వర్క్ వేరే ప్రశ్న అడుగుతుంది: ఇది ఎవరితో తిరుగుతోంది? ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారన్న సామెత మీదే ఈ రంగమంతా నిలబడి ఉందంటే అతిశయోక్తి కాదు. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారన్న సామెత కూడా మన దగ్గరే ఉంది. ఈ రంగంలో జరిగే పొరపాట్లలో సగం ఆ రెండో సామెత కిందికే వస్తాయి.

మీ బొమ్మలో గీతలన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి గానీ, అవన్నీ ఒక జాతివి కావు. మొదట వాటిని విడదీయండి. బ్యాక్టీరియా మీద పనిచేసేవాళ్లకు అన్నిటికంటే విలువైనది జన్యువుల ఇరుగుపొరుగు. ఒకే పనికి కావలసిన జన్యువులు ఒపెరాన్‌గా వరసగా ఉండి కలిసి చదవబడతాయని జాకబ్, మోనో 1961లోనే చూపించారు. జీనోములు పోగుపడ్డాక, 1998, 99 ప్రాంతంలో, దాన్నే తిరగేసి వాడటం మొదలుపెట్టారు: దూరపు చుట్టరికం ఉన్న బ్యాక్టీరియాలన్నిటిలోనూ రెండు జన్యువులు పక్కపక్కనే ఉంటున్నాయంటే, వాటిని విడిపోకుండా ఏదో పట్టి ఉంచుతోందని. ఇక్కడ ‘దూరపు’ అన్న మాటే ప్రాణం. ఒకే జాతికి చెందిన వంద స్ట్రెయిన్లలో పక్కపక్కన ఉండటం వంద సాక్ష్యాలు కాదు, ఒక్కటే. విడిపోవడానికి వాటికి సమయమే చాలలేదు.

దీనికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ క్యూయోసిన్. ఇది కొన్ని టీ-ఆర్ఎన్ఏలలో (ప్రోటీన్ తయారీకి అమైనో ఆమ్లాలను మోసుకొచ్చే అణువుల్లో), కోడాన్‌ను చదివే మూడక్షరాల్లో మొదటి చోట ఉండే మార్పు చెందిన న్యూక్లియోసైడ్. దీన్ని బ్యాక్టీరియాలు తయారు చేసుకుంటాయి. మనం తయారు చేసుకోలేం, తిండి నుంచీ పేగుల్లోని బ్యాక్టీరియా నుంచీ తెచ్చుకుంటాం. ఇది ఉందని ఎప్పటినుంచో తెలిసినా, తయారీలో తొలి మెట్ల జన్యువులు చాలాకాలం దొరకలేదు. 2004లో కొందరు జీనోములను పోల్చి చూశారు. క్యూయోసిన్ ఉన్న జీవుల్లో ఉండి, లేనివాటిలో లేకుండా పోయే జన్యువులు ఏవని వెతికితే బాసిల్లస్ సబ్టిలిస్‌లో వరసగా ఉన్న నాలుగు జన్యువులు బయటపడ్డాయి: వైకేవీజే, కే, ఎల్, ఎం. ఒక్కొక్కటీ పాడుచేసి చూస్తే క్యూయోసిన్ మాయమైంది.

అసలు తమాషా ఆ నాలుగోదానిలో ఉంది. సీక్వెన్స్ పోలికను బట్టి దానికి జీటీపీ సైక్లోహైడ్రోలేజ్ తరహా ఎంజైమ్ అని పేరు పడింది. ఫోలేట్ తయారీలో మొదటి మెట్టు ఎక్కించే ఎంజైమ్ కుటుంబం అది. ఇప్పుడు క్యూఎఫ్ అని పిలుస్తున్న ఆ ప్రోటీన్‌ను శుద్ధి చేసి పరీక్షిస్తే అది చేసే పని వేరు: నైట్రైల్‌ను అమీన్‌గా క్షయీకరించడం. ఒక ఎంజైమ్ ఆ పని చేయగలదని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఇంటిపేరు తప్పుదారి పట్టించింది, ఇరుగుపొరుగు సరైన ఇల్లు చూపించింది. అలాగని నైట్రైల్ సంగతి ఇరుగుపొరుగు చెప్పిందా? లేదు. అది టెస్ట్‌ట్యూబ్‌లోనే తేలింది.

దీనికి జంటగా ఇంకో కథ చెప్పాలి, లేకపోతే నెట్‌వర్కే గెలిచిందనుకుంటారు. 2002లో మకరోవా, కూనిన్ తదితర పరిశోధకులు ఆర్కియా అనే సూక్ష్మజీవుల్లోనూ, వేడినీటి బ్యాక్టీరియాలోనూ ఒక గుంపుగా తిరిగే జన్యువులను ఇదే పద్ధతిలో పట్టుకున్నారు. వాటిలో హెలికేజ్, న్యూక్లియేజ్, పాలిమరేజ్ (డీఎన్ఏను విప్పే, కోసే, కట్టే ఎంజైములు) పోలికలున్న భాగాలు కనిపించాయి. కాబట్టి ఇది వేడిని తట్టుకునే జీవులకు ప్రత్యేకమైన డీఎన్ఏ మరమ్మతు వ్యవస్థ అయి ఉండాలని రాశారు. గుంపు నూటికి నూరు పాళ్లు నిజం. ఊహించిన పని మాత్రం తప్పింది. అవే ఇవాళ మనం కాస్ జన్యువులంటున్నవి. వాటి పక్కనున్న క్రిస్పర్ వరసల (పదేపదే వచ్చే డీఎన్ఏ ముక్కల) నడుమ వైరస్‌ల డీఎన్ఏ ముక్కలున్నాయని 2005లో తెలిసింది. 2006లో అదే బృందం తన ఊహను మార్చుకుని ఇది రక్షణ వ్యవస్థ అని ప్రతిపాదించింది. 2007లో పెరుగు తోడుపెట్టే బ్యాక్టీరియా మీద ప్రయోగం చేసి అది నిజమని నిరూపించారు. చేయి తిరిగినవాళ్లకే ఇలా జరిగింది. మీ పట్టికలో ‘మరమ్మతు’ అని రాసే ముందు ఈ కథ ఒకసారి గుర్తు చేసుకోండి.

రెండో రకం గీత హాజరుపట్టీది. ఒక్కో జన్యువుకు ఒక్కో వరస, ఒక్కో జీవికి ఒక్కో గడి, ఉంటే 1, లేకపోతే 0. రెండు జన్యువులు ఎప్పుడూ కలిసే ఉండి, పోయినప్పుడు కలిసే పోతుంటే అవి ఒకే పనికి కట్టుబడినవని అనుమానించవచ్చు. దీని సత్తా తెలియాలంటే మైటోకాండ్రియాలో కాల్షియం కథ చూడాలి. మైటోకాండ్రియా కాల్షియంను లోపలికి పీల్చుకుంటుందని 1960ల మొదట్లోనే తెలుసు. ఆ దారి ఏ ప్రోటీన్‌దో మాత్రం దాదాపు యాభై ఏళ్లు తెలియలేదు. అందరికీ తెలిసిన ఒక చిన్న విషయమే తాళంచెవి అయింది: ఈ పీల్చుకునే శక్తి వెన్నెముక జీవుల్లో ఉంది, వాటికి ఎంతో దూరమైన ట్రిపనోసోములనే ఏకకణ జీవుల్లోనూ ఉంది, మామూలు ఈస్ట్‌లో లేదు. మైటోకాండ్రియా ప్రోటీన్ల పట్టికను ఈ జల్లెడతోనూ, ఇంకో ఒకటి రెండు జల్లెడలతోనూ వడగడితే పరీక్షకు మిగిలినవి 13. వాటిని ఒక్కొక్కటీ ఆర్ఎన్ఏఐతో (ఒక జన్యువు నోరు నొక్కే పద్ధతితో) అణిచి చూస్తే ఒక్కటి తగిలింది. 2010లో దానికి ఎంఐసీయూ1 అని పేరు పెట్టారు.

ఇంతకీ అది కాల్షియం దారి కాదు! దారిని అదుపు చేసే కాపలాదారు. మళ్లీ అదే పాఠం: జట్టు సరే, పని వేరు. అయితే ఎంఐసీయూ1 హాజరుపట్టీతో సరిపోలేవి ఏవి, దానితో పాటే ఎక్కువ తక్కువలు అయ్యేవి ఏవి అని వెతికి, మరుసటి ఏడాదే అసలు దారి ఎంసీయూను పట్టుకున్నారు. 2011లో రెండు బృందాలు విడివిడిగా అక్కడికే చేరాయి. నెట్‌వర్క్‌ను ఎలా వాడాలో నేర్పమంటే నేను చూపించేది ఈ రెండడుగులే. మొదటి అడుగులో దొరికినదాన్ని ప్రయోగంతో గట్టి చేసుకుని, దాని మీద నిలబడి రెండోది వేశారు.

మూడోది కలిసిపోయిన జన్యువులు. ఈ. కోలైలో డీఎన్ఏ గైరేజ్‌కు రెండు ఉపభాగాలు, రెండు వేర్వేరు జన్యువులు. ఈస్ట్ టోపోఐసోమరేజ్ 2లో ఆ రెండింటికీ పోలిన భాగాలు ఒకే పొడుగాటి ప్రోటీన్‌లో అతుక్కుని ఉన్నాయి. ఒకచోట అతుక్కున్నవి ఇంకోచోట విడిగా ఉన్నా కలిసి పనిచేస్తాయని ఊహ. దొరికితే గట్టి సాక్ష్యమే, కానీ అరుదు. అన్ని ప్రోటీన్లలోనూ తలదూర్చే భాగాలను ముందే ఏరి పక్కన పెట్టకపోతే చెత్త వస్తుంది.

ఇక ప్రోటీన్లు ఒకదాన్నొకటి నిజంగా తాకుతాయా అని ప్రయోగంతో చూసే గీతలు. వినడానికి ఇవే అన్నిటికంటే గట్టివి అనిపిస్తాయి. 2000, 2001లలో ఈస్ట్ ప్రోటీన్ల మీద టూ-హైబ్రిడ్ పద్ధతితో (రెండు ప్రోటీన్లు కణంలో తాకితే సంకేతం ఇచ్చే పరీక్షతో) రెండు పెద్ద పటాలు వచ్చాయి, వాటి మధ్య పోలిక చాలా తక్కువ. 2002లో అప్పటిదాకా అన్ని పద్ధతుల్లో పోగైన 80,000 దాకా జతలను పోల్చి చూస్తే, ఒకటి కంటే ఎక్కువ పద్ధతులు బలపరిచినవి సుమారు 2,400. పద్ధతులు పనికిరానివని కాదు. ఒక్కోటి ఒక్కో రకం జతలను పట్టుకుంటుంది, ఒక్కోటి ఒక్కో రకంగా అబద్ధమాడుతుంది.

ఆ అబద్ధం నేను స్వయంగా తిన్నాను. కొత్తలో మేము, పూసలకు కట్టిన ఎర ప్రోటీన్‌కు ఏవేవి అంటుకుని వస్తాయో చూసి తీసిన నెట్‌వర్క్ నడిబొడ్డున పేరులేని ప్రోటీన్ ఒకటి కూర్చుని ఉండేది. పదుల కొద్దీ గీతలు దానికే. ఇంత మందితో సంబంధం ఉందంటే కణానికి గుండెకాయ లాంటిదేనని నెలల తరబడి దాని వెంట పడ్డాను. చివరికి ఒక సీనియర్ అక్క వచ్చి, ఎర ప్రోటీన్ ఏదీ కట్టకుండా ఖాళీ పూసలతో కంట్రోల్ పెట్టావా అని అడిగింది. పెట్టి చూస్తే అక్కడా ఆ ప్రోటీన్ చారే (బ్యాండ్), అంతే మందంగా. దానికి ఎవరితోనూ సంబంధం లేదు, పూసలకే జిగురులా అంటుకుంటోంది. హీట్ షాక్ ప్రోటీన్లు, రైబోసోమ్ ప్రోటీన్లు, మన చర్మం నుంచి రాలే కెరటిన్ కూడా ఇలాగే పిలవని పేరంటానికి వస్తాయి.

ఇలా ఎక్కువ గీతలున్న ప్రోటీన్ల (హబ్‌ల) విషయంలో ఇంకో మాయ ఉంది, అది ఇంతకంటే ప్రమాదకరం. ఎక్కువ మంది చదివిన ప్రోటీన్‌కు ఎక్కువ గీతలు, ఎక్కువ గీతలున్నదానికి ఎక్కువ అన్నోటేషన్లు (డేటాబేస్‌లో రాసిపెట్టిన పనుల పేర్లు). క్యాన్సర్‌ను అడ్డుకునే పీ53 అనే ప్రోటీన్ చుట్టూ అడవిలా గీతలుండటానికి జీవశాస్త్రం కొంత కారణం, దాని మీద వచ్చిన పేపర్లు కొంత. గిల్లిస్, పావ్లిడిస్ అనే పరిశోధకులు 2011, 12లలో ఇది పట్టి చూపించారు: నెట్‌వర్క్‌లో ఎవరి పక్కన ఎవరున్నారో చూడకుండా, ఎక్కువ పనులున్న జన్యువులనే ప్రతి పనికీ పైన పెట్టేస్తే వచ్చే మార్కులు, కష్టపడి చేసిన అంచనాల మార్కులకు దగ్గరగానే ఉంటాయి. కాబట్టి మీరు ఏ పద్ధతి వాడినా ముందు ఇది చేయండి. గీతల సంఖ్య ఒక్కదాన్నే బట్టి ప్రోటీన్లను వరస పెట్టండి, మీ పద్ధతి ఆ వరసను ఎంత తేడాతో ఓడిస్తోందో చూడండి. నా మొదటి పద్ధతి దాదాపు ఏమీ ఓడించలేదు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

స్ట్రింగ్ స్కోరు దగ్గర చాలామంది పొరబడతారు. 0.9 ఉంటే ఆ రెండు ప్రోటీన్లు గట్టిగా అంటుకుంటాయని అర్థం కాదు. ఆ సంబంధం నిజమయ్యే అవకాశం ఎంత అన్న అంచనా అది. సంబంధమంటే ఒకే పనిలో ఉండటం, తాకనక్కరలేదు. 0.5 దగ్గరున్న గీతల్లో సగం దాకా తప్పయి ఉండొచ్చు. రకరకాల సాక్ష్యాల స్కోర్లు ఒకదానితో ఒకటి సంబంధం లేనివన్న లెక్కతో కలుపుతారు. అంటే మూడు చోట్ల 0.4 చొప్పున బలహీనమైన సాక్ష్యం ఉంటే మొత్తం సుమారు 0.77 అవుతుంది, అందరూ గట్టిదని వాడే 0.7 హద్దును దాటేస్తుంది. ఆ మూడూ నిజంగా విడివిడివైతే సరే. ఒకే పేపర్‌లో వచ్చిన ప్రయోగం ప్రయోగాల గడిలోకీ, ఆ పేపర్ వాక్యం టెక్స్ట్ మైనింగ్ (పేపర్ల పాఠాన్ని కంప్యూటర్‌తో జల్లెడ పట్టడం) గడిలోకీ, దాన్నే చూసి రాసిన పాత్‌వే (కణంలోని చర్యల వరస) డేటాబేస్ గడిలోకీ చేరితే? ఒకే మనిషి మూడు వేషాల్లో వచ్చి సాక్ష్యం చెప్పినట్టు. అందుకే మొత్తం స్కోరు చూడకండి, గీత మీద నొక్కి గడులు విడిగా చూడండి. మీ ప్రోటీన్లను ఎవరూ చదవలేదు కాబట్టి టెక్స్ట్ మైనింగ్ గడి మూసేసినా మీకు పోయేది పెద్దగా ఉండదు. ఇంకోటి, మీది కొత్త జీనోమ్. దానిలోని ప్రయోగ గీతలు మీ బ్యాక్టీరియాలో ఎవరూ చేసినవి కావు, వేరే జీవి నుంచి ఆర్థోలాగుల ద్వారా బదిలీ అయినవి.

ఈ బదిలీ దగ్గరే జాగ్రత్త కావాలి. జాతులు విడిపోవడం వల్ల వేరైన జన్యువులు ఆర్థోలాగులు, ఒకే జీనోమ్‌లో రెట్టింపై వేరైనవి పారలాగులు. ఫిచ్ 1970లో చేసిన విభజన ఇది. మామూలుగా ఆర్థోలాగుల పని దగ్గరగా ఉంటుంది, పారలాగుల్లో ఒకటి కొత్త పని నేర్చుకుంటుంది. మీ జీనోమ్‌లో ఆ కుటుంబానికి నాలుగు కాపీలుంటే గీత నాలుగింటికీ అంటించకండి. చుట్టుపక్కల జన్యువుల వరస కూడా కలిసే కాపీ ఏదో చూసి దానికే ఇవ్వండి. ఉత్తమ బ్లాస్ట్ హిట్ ఆర్థోలాగ్ కాదని, వీలైతే చెట్టు గీసి చూడాలని వేరే చెప్పనక్కరలేదనుకుంటాను. ఇక ఒకే పనికి వేర్వేరు జీవులు ఏ పోలికా లేని ప్రోటీన్లను వాడటమూ ఉంది. అక్కడ హాజరుపట్టీ తలకిందులవుతుంది: ఒకటి ఉన్నచోట రెండోది ఉండదు. అలాంటి ఎదురుబొదురు జత కనిపిస్తే వదలకండి, పాత్‌వేలో ఖాళీగా ఉన్న మెట్టు నింపేది చాలాసార్లు అదే. ఒకే ప్రోటీన్ రెండు ఉద్యోగాలు చేయడమూ ఉంది. బాతు కంటి కటకంలో ఉండే ఒక క్రిస్టలిన్ అచ్చంగా లాక్టేట్ డీహైడ్రోజనేజే. రెండిటిలో దేన్ని దాని పని అంటారు?

సీక్వెన్స్‌ను బట్టి ప్రోటీన్ ఆకారాన్ని ఊహించే ఆల్ఫాఫోల్డ్ ప్రోగ్రామ్ వచ్చాక ఇదంతా ఎందుకని అడుగుతున్నారు కొందరు. 2021లో ఈస్ట్‌లో 83 లక్షల జతలను ఆ తరహా పద్ధతులతో జల్లెడ పట్టి, కలిసే అవకాశం ఉన్నవిగా 1,505 జతలను పైకి తీశారు. గొప్ప పని. ఎవరు ఎవరితో ఎలా అతుకుతారో దాదాపు కళ్లకు కట్టింది. కానీ ఆ వెతుకులాట కూడా ఎన్నో జీనోముల్లో జతగా మారుతూ వచ్చిన సీక్వెన్స్ అక్షరాల మీదే ఆధారపడింది. మీ అనాథ ప్రోటీన్‌కు చుట్టాలే లేకపోతే అక్కడా వెలుతురు తక్కువే.

మీరైతే ఇలా మొదలుపెట్టండి. ఉండను మొత్తం పక్కన పెట్టి, ఇరుగుపొరుగు, హాజరుపట్టీ, కలయిక, ఈ మూడు గీతలే ఉంచి 0.7 దగ్గర కోయండి. బొమ్మ ఒక్కసారిగా పలచబడి చిన్న చిన్న గుంపులు తేలతాయి. పేరులేనివి ఒకటి రెండు, పేరున్నవి మూడు నాలుగు కలిసి ఉన్న గుంపులను మాత్రం ఎంచుకోండి. మొత్తం పేరులేనివే ఉన్న గుంపు ఎంత అందంగా ఉన్నా ఇప్పుడు దాని జోలికి పోవద్దు. ప్రతి గుంపులోనూ పేరున్నవాటి పేర్లు ప్రయోగంతో వచ్చినవా, కంప్యూటర్ అంటించినవా అని ఆధార సంకేతం చూడండి. ఐఈఏ అని ఉంటే అది ఎవరూ చూడకుండా యాంత్రికంగా అంటించినది. ఒకటికి రెండు అలాంటివాటి మీద మూడోది నిలబెడితే, పదేళ్ల తర్వాత మీ తప్పునే ఆధారంగా చూపించి మీకే ఎవరో సమాధానం రాస్తారు.

పద్ధతిని పరీక్షించేటప్పుడు తెలిసిన ప్రోటీన్లను యాదృచ్ఛికంగా దాచిపెట్టి వెతికించడం చాలదు, ఎందుకంటే గీతల్లో కొన్ని ఆ అన్నోటేషన్ల నుంచే పుట్టాయి. పాత తేదీ నాటి డేటాతో అంచనా వేసి, ఆ తర్వాత ప్రయోగాల్లో తేలినవాటితో సరిచూడండి. ప్రోటీన్ల పనిని ఊహించే పద్ధతులకు పెట్టే కఫా పోటీలు ఇలాగే నడుస్తాయి: అంచనాలు ముందే అప్పగించి, కొత్త ప్రయోగ ఫలితాలు పోగయ్యేదాకా నెలలు ఆగి, అప్పుడు మార్కులు వేస్తారు.

ఫైల్లో ఏమని రాయాలన్నది మిగిలింది. ‘జీటీపీ సైక్లోహైడ్రోలేజ్’ లాంటి పేరు కాకుండా, ‘క్యూయోసిన్ తయారీ జన్యువుల పక్కన స్థిరంగా ఉండే ప్రోటీన్, చర్య తెలియదు’ అని రాయండి. చూడటానికి బాగుండదు, మీ గైడ్‌గారికీ నచ్చకపోవచ్చు. ఆయన గట్టిగా పేరే కావాలంటే క్యూఎఫ్ కథ చెప్పండి.

మీరు పెట్టిన బొమ్మలో ఎడమవైపు కింద ఐదు నోడ్లు విడిగా ఉన్నాయి, అందులో రెండు ట్రాన్స్‌పోర్టర్లు (కణంలోకి, బయటికి పదార్థాలను చేరవేసే ప్రోటీన్లు). ముందు దాన్నే తీసుకోండి. ఆ ఐదింటి చుట్టూ చెరో పది జన్యువుల వరస, అవి ఏయే దూరపు బ్యాక్టీరియాల్లో అలాగే ఉన్నాయో ఒక పట్టిక వేసి ఇక్కడే పెట్టండి. చూసి చెబుతాను.